ఒప్పించే వ్యాసంలో ఎలాంటి పదాలు వాడాలి? నా పేరా ఒకటి పెడుతున్నా, చూసి చెప్పండి

కొత్తకలం:

అందరికీ నమస్తే. త్వరలో ఒక వ్యాసరచన పోటీ ఉంది, టాపిక్ "ప్రాథమిక తరగతుల పిల్లలకు హోంవర్క్ అవసరమా?". నేను అక్కర్లేదనే వైపు రాస్తున్నా. చెప్పాలనుకున్నదంతా తలలో ఉంది గానీ కాగితం మీద పెట్టేసరికి ఎవరో మైకు పట్టుకుని ఉపన్యాసం దంచుతున్నట్టు తయారవుతోంది. చదివినవాళ్లు "భాష భలే ఉంది" అంటున్నారు తప్ప "అవును, నువ్వన్నది నిజమే" అని ఒక్కరూ అనట్లేదు, అదీ నా టెన్షన్. మొదటి పేరా ఇదీ:

"నేటి ఆధునిక సమాజంలో ఇంటిపని అనే భూతం చిన్నారుల పసి హృదయాలను నిర్దాక్షిణ్యంగా నలిపివేస్తోంది. ఇది అత్యంత ఘోరమైన, క్షమించరాని అన్యాయం. ప్రతి ఒక్కరూ దీనిని ముక్తకంఠంతో ఖండించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది. కావున ఇంటిపని తక్షణమే రద్దు చేయబడాలి అనడంలో ఎటువంటి సందేహం లేదు."

ఇంకా బరువైన పదాలు పడాలా, లేక ఉన్నవే తగ్గించాలా? మామూలు మాటలతో రాస్తే మార్కులు తగ్గిస్తారని కొందరు భయపెడుతున్నారు. మొహమాటపడకుండా చెప్పండి.

ఎర్రసిరా:

వ్యాసాలు దిద్దే పని నాది, కాబట్టి కాస్త కటువుగా అనిపిస్తే ఏమీ అనుకోవద్దు.

"నేటి ఆధునిక సమాజంలో" అన్నదాన్ని కొట్టేసి చూడండి, ఏం తగ్గింది? కాలుష్యం మీద రాసినా, సెల్‌ఫోన్ల మీద రాసినా, చివరికి క్రీడల మీద రాసినా సగం కాగితాలు ఇదే మాటతో మొదలవుతాయి, అందుకే దిద్దేవాళ్ల కన్ను దాని మీద ఆగదు. "ఆవశ్యకత ఎంతైనా ఉంది", "అనడంలో సందేహం లేదు", మీరు రాయలేదు గానీ "అంటే అతిశయోక్తి కాదు", ఇవన్నీ ఆ బాపతే. సందేహం లేదని మీరే చెప్పుకోవాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా లేని సందేహం చదివేవాళ్లకు అప్పుడు మొదలవుతుంది.

రెండోది, భూతం, పసి హృదయాలు, నిర్దాక్షిణ్యం, నలిపివేయడం, ఇవన్నీ ఒక్క వాక్యంలోనే. ఇవి చదివి ఎవరు తల ఊపుతారు? ముందే మీ వైపు ఉన్నవాళ్లు. మీరు ఒప్పించాల్సింది వాళ్లను కాదు కదా. రోజూ హోంవర్క్ ఇచ్చే టీచరు, ఇవ్వకపోతే పిల్లాడు వెనకబడిపోతాడని భయపడే తల్లి, వీళ్లు మీ అసలు పాఠకులు. "క్షమించరాని అన్యాయం" అనగానే ఆవిడ "అంటే తప్పంతా నాదేనన్నమాట" అనుకుంటుంది, ఆ తర్వాత మీరు ఎంత చక్కటి కారణం చెప్పినా చెవికెక్కదు.

"రద్దు చేయబడాలి", దీని సంగతి కూడా చూడాలి. ఎవరు రద్దు చేయాలి? బడా, టీచరా, ప్రభుత్వమా? మనం మాట్లాడేటప్పుడు "చేయబడాలి" అనం, కాగితం మీదే అంటాం, అది కూడా ఎవరు చేయాలో తేల్చుకోనప్పుడు ఎక్కువగా అంటాం. "ప్రాథమిక తరగతుల్లో బడులు హోంవర్క్ ఆపేయాలి" అంటే వాక్యం చిన్నదైంది, బాధ్యత ఎవరిదో కూడా తేలింది.

ఇక అసలు విషయానికొస్తే, ఒప్పించేది విశేషణాలు కాదు, క్రియలూ వస్తువుల పేర్లూ. పిల్లలకు ఏడో ఎక్కం ఐదుసార్లు రాసుకు రమ్మని ఇచ్చారనుకోండి. మొదటిసారి ఎక్కంలాగే రాస్తారు. రెండోసారికి ఏడులన్నీ పైనుంచి కిందికి దింపేస్తారు, పక్కన ఇంటూ గుర్తులు వరసగా, ఆ పక్కన ఒకటి నుంచి పది, తర్వాత సమానం గుర్తులు, చివర్లో జవాబులు పై ఎక్కం చూసి ఎక్కించేస్తారు. పేజీ నిండింది, ఏడెనిమిదులు ఎంత అంటే మాత్రం నోరు తెరుస్తారు. ఇందులో "ఘోరం" లేదు, "నిర్దాక్షిణ్యం" లేదు. "దింపేస్తారు" అన్న ఒక్క మాట చాలు, ఆ పని ఎంత దండగో చదివేవాళ్లకే తడుతుంది. ఎవరికి వాళ్లు తేల్చుకున్న సంగతిని అంత తేలిగ్గా వదులుకోరు.

ఇంకొకటి మర్చిపోయా. "ఇంటిపని" అంటే గిన్నెలు తోమడం, ఇల్లు ఊడవడం కూడా. పిల్లలతో ఇంటిపని చేయించకూడదు అని మధ్యలో ఒక వాక్యం వచ్చిందంటే అర్థం ఎటో వెళ్లిపోతుంది. టాపిక్‌లోనే హోంవర్క్ అని ఇచ్చారు, హాయిగా హోంవర్క్ అనే రాయండి.

పదపిచ్చి:

ఇవన్నీ సరే గానీ ఎవరి దగ్గరైనా మంచి పవర్‌ఫుల్ పదాల లిస్టు పీడీఎఫ్ ఉంటే పెట్టండి ప్లీజ్, సమస్య అనే మాటకి ఓ పది పర్యాయపదాలు ఉన్నట్టు అలా.

ఎర్రసిరా:

పదపిచ్చి గారూ, అలాంటి లిస్టుల వల్లే ఒక గదిలో కూర్చున్నవాళ్లందరి వ్యాసాలూ ఒకేలా ఉంటున్నాయి. పైగా అవి ఒకదానికొకటి సరిపోయే మాటలేం కావు. ఇబ్బంది, సమస్య, లోపం, ప్రమాదం, సంక్షోభం, వీటిని వరసగా పెట్టి చూడండి, ప్రతిదాని సైజు వేరు. లోపం అంటే ఎవరో చేసిన పనిలో తేడా ఉందని, ప్రమాదం అంటే ఇంకా జరగలేదు గానీ జరగబోతోందని. "సంక్షోభం" అన్నారంటే అంత పెద్ద రుజువూ చూపించాలి, చూపించలేకపోతే "ఇబ్బంది" అన్నప్పుడు నమ్మినవాళ్లు కూడా నమ్మడం మానేస్తారు.

మేఘమాల:

ఎర్రసిరా గారి మాటల్లో చాలావాటితో ఏకీభవిస్తాను గానీ, మొత్తం విని ఈ అబ్బాయో అమ్మాయో బరువైన పదమంటేనే భయపడి వ్యాసమంతా చప్పగా రాస్తే అదీ నష్టమే. సంస్కృతం మాటలన్నీ బరువు, తెలుగు మాటలన్నీ తేలిక అనేది ఉత్త అపోహ. న్యాయం, హక్కు, బాధ్యత, కారణం, ఇవేవీ అచ్చ తెలుగు కాదు, అయినా వీధిలో తగాదా పడేవాళ్ల నోట కూడా అవే వస్తాయి. అటు పక్క "నెచ్చెలి", "పుడమి" అచ్చ తెలుగే, వాటిని హోంవర్క్ వ్యాసంలో పెట్టి చూడండి ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో. కాబట్టి చూడాల్సింది ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందని కాదు, చదివేవాళ్ల నోట ఉందా లేదా, ఆ చోటికి నప్పుతుందా లేదా అని.

దీనికి మన అలంకారశాస్త్రంలో చక్కటి పేరుంది, ఔచిత్యం. పదకొండో శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన క్షేమేంద్రుడు దీని మీదే ఒక గ్రంథం రాశాడు. వడ్డాణం తీసుకెళ్లి మెడలో వేసుకుని, హారం నడుముకు చుట్టుకుంటే చూసినవాళ్లు నవ్వరా అంటాడు ఆయన. రెండూ మంచి నగలే, చోటు తప్పిందంతే. మీ "నిర్దాక్షిణ్యంగా" కూడా అంతే. అటు గ్రీకు వైపు చూస్తే అరిస్టాటిల్ కూడా క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే శైలికి స్పష్టత ముఖ్యం, అది విషయానికి తగ్గట్టుండాలి, మరీ నేలబారుగానూ ఉండకూడదు, విషయాన్ని మించీ పోకూడదు అన్నాడు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఇంచుమించు ఒకే చోటికి వచ్చారు.

అయితే అదే అరిస్టాటిల్ ఒప్పించడానికి మూడు దారులు చెప్పాడు, చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడిలో కలిగే భావం, వాదనలోని తర్కం. భావాన్ని ఆయన కొట్టిపారేయలేదు. నేననేది ఏమిటంటే ఉద్వేగం నింపే మాట ఒకటి ఉండాలి, కాకపోతే అది మొదటి వాక్యంలో కాదు. ముందు ఆ ఎక్కం దింపే పిల్లాణ్ని చూపించారు, చదివేవాళ్లు మీతో పాటే చూశారు, అప్పుడు "ఇది పిల్లల సాయంత్రాన్ని దోచుకోవడం" అనండి, "దోచుకోవడం" అక్కడ నిలబడుతుంది. అదే మాట మొదట్లో వేస్తే తిట్టులా ఉంటుంది.

కామాచుక్క:

అందరూ పెద్ద పదాల గురించే మాట్లాడుతున్నారు, నాకైతే ఒప్పించే వ్యాసంలో అసలు పని చేసేది చిన్న చిన్న మాటలే అనిపిస్తుంది. ఒక్క "ఏ" తీసుకోండి. "పిల్లల అలసటకు హోంవర్కే కారణం" అన్నారనుకోండి, ఇంకే కారణమూ లేదని మాటిచ్చేశారు. ఆలస్యంగా పడుకోవడం, టీవీ, ట్యూషన్, ఎవరో ఒకరు ఏదో ఒకటి ఎత్తి చూపించగానే మీ వాక్యం పడిపోతుంది. "హోంవర్క్ కూడా ఒక కారణం" అంటే ఎవరూ కాదనలేరు, కానీ అది మరీ మెత్తగా ఉంది, దాన్ని పట్టుకుని ఏదీ ఆపేయమనలేం. "బడి చేతిలో ఉన్న కారణాల్లో పెద్దది హోంవర్క్" అంటే? ఇప్పుడు కొలత సరిపోయింది, టీవీ సంగతి ఎత్తినా ఆ వాక్యం కదలదు. మాత్రమే, అన్నీ, ఎప్పుడూ, ఎవరూ, ప్రతి ఒక్కరూ, ఇలాంటివి కనిపించిన చోటల్లా ఆగి, ఒక్కటంటే ఒక్క మినహాయింపు తడుతుందేమో చూసుకోవాలి. తట్టిందంటే "చాలామంది", "ఎక్కువసార్లు" దగ్గరికి దిగాలి. అలాగని అన్నిచోట్లా బహుశా, కావచ్చు, అనిపిస్తోంది అని పెట్టుకుంటూ పోతే మీకే నమ్మకం లేదనుకుంటారు, అదొకటి.

రెండోది "మనం", "మేము". ఇది మన భాషలో ఉన్న పెద్ద సౌకర్యం, వాడుకునేవాళ్లే తక్కువ. "మేము కోరేదేమిటంటే" అంటే చదివేవాళ్లు అవతలి గట్టున ఉన్నారు. "మనం పిల్లలకు ఇవ్వాల్సింది సాధన" అంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకున్నారు. కానీ దీన్ని నింద మోపడానికి వాడితే తేడా కొడుతుంది, "మనమంతా పిల్లల్ని హింసిస్తున్నాం" అంటే చదివేవాళ్లు వెంటనే "నేను కాదు" అంటారు.

ఇక అతుకుపదాలు. "నిజమే" అనే మాట వ్యాసంలో కనీసం ఒకచోట రావాలని నా పట్టుదల. మన తర్కశాస్త్రం వాళ్లు ముందు పూర్వపక్షం చెప్పి ఆ తర్వాతే సిద్ధాంతానికి వచ్చేవాళ్లు, అంటే ఎదుటివాళ్ల వాదనను వాళ్లే ఒప్పుకునేంత న్యాయంగా ముందు చెప్పాలి. "కొందరు మూర్ఖంగా వాదిస్తారు" అని మొదలెడితే అది పూర్వపక్షం కాదు, తిట్టు. ఆ రెండింటి వరస కూడా చూసుకోవాలి. "హోంవర్క్ వల్ల నిద్ర తగ్గుతుంది గానీ క్రమశిక్షణ వస్తుంది" అన్నదీ, "హోంవర్క్ వల్ల క్రమశిక్షణ వస్తుంది గానీ నిద్ర తగ్గుతుంది" అన్నదీ ఒకే సమాచారం. మొదటిది హోంవర్క్ ఉండాలంటోంది, రెండోది వద్దంటోంది. "గానీ" తర్వాత వచ్చిందే చదివేవాళ్ల దగ్గర మిగులుతుంది, కాబట్టి ఎదుటివాళ్లది ముందు, మీది తర్వాత. "పైగా", "అంతేకాక" ఒకటే అనుకుని మార్చి మార్చి వాడతారు కొందరు, కానీ "పైగా"లో కాస్త ఫిర్యాదు వాసన ఉంటుంది. "ఆలస్యంగా వచ్చాడు, పైగా నవ్వుతున్నాడు" అంటాం కదా, అదీ. "కాబట్టి" ముందు నిజంగా కారణం ఉందో లేదో కూడా చూసుకోండి, చాలా వ్యాసాల్లో "కాబట్టి" ఊరికే కొత్త పేరాకి తలుపు తీయడానికి వస్తుంది.

పదపిచ్చి:

ఈ "గానీ" సంగతి నాకు ఇప్పటిదాకా తట్టనేలేదు. లిస్టు అడగడం విరమించుకుంటున్నా, కానీ ఒక డౌట్. పరిశోధనలు అవీ చెప్పేటప్పుడు ఏ మాట వాడాలి? "నిరూపించారు" అంటే గట్టిగా ఉంటుంది కదా?

ఎర్రసిరా:

గట్టిగా ఉంటుంది, అందుకే అందరూ వాడేస్తారు, దొరికిపోయేదీ అక్కడే. ఈ టాపిక్‌లోనే ఉదాహరణ ఉంది. హారిస్ కూపర్, ఆయన సహచరులు అమెరికాలో 1987 నుంచి 2003 దాకా హోంవర్క్ మీద జరిగిన అధ్యయనాలను సమీక్షించి 2006లో ప్రచురించారు. హోంవర్క్‌కూ చదువులో ఫలితాలకూ మధ్య సంబంధం 7 నుంచి 12 తరగతుల్లో బలంగా ఉంది, ఆరో తరగతి, అంతకంటే కింది తరగతుల్లో బలహీనంగా ఉంది. ఇప్పుడు దీన్ని "చిన్న తరగతులకు హోంవర్క్ దండగని కూపర్ నిరూపించారు" అని రాయొచ్చా? రాయకూడదు. ఆయన అన్నది సంబంధం బలహీనంగా ఉందని, దండగ అని కాదు. అదీగాక రెండు విషయాల మధ్య సంబంధం ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని కాదు. "చిన్న తరగతుల్లో హోంవర్క్‌కూ ఫలితాలకూ మధ్య సంబంధం బలహీనమని కూపర్ 2006 సమీక్షలో తేలింది" అని రాస్తే ఒక్క అక్షరం కూడా ఎవరూ వేలెత్తి చూపలేరు, మీ వాదనకు అదే చాలు. తేలింది, సూచిస్తోంది, అభిప్రాయపడ్డారు, వాదించారు, నిరూపించారు, వీటి మధ్య దూరం తెలిసినవాళ్ల వ్యాసం చదువుతుంటే ఈ మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తున్నాడని మొదటి పేజీలోనే నమ్మకం కలుగుతుంది. మేఘమాల గారు చెప్పిన మూడు దారుల్లో మొదటిది ఇలాగే వస్తుంది, "నన్ను నమ్మండి" అంటే రాదు.

"పరిశోధకులు అంటున్నారు" అని ఊరూ పేరూ లేకుండా రాసేది మాత్రం దయచేసి ఎవరూ రాయకండి.

కామాచుక్క:

ఇంకొకటి, దేనికి ఏ పేరు పెడుతున్నారో కూడా చూసుకోవాలి. "హోంవర్క్ భారం తగ్గించాలా?" అని ప్రశ్న వేస్తే జవాబు అందులోనే ఉంది, భారమన్నాక తగ్గించొద్దనేవాళ్లు ఎవరు? అవతలి పక్షం వాళ్లు దాన్నే "ఇంటి దగ్గర సాధన" అంటారు, సాధన వద్దనేవాళ్లు మాత్రం ఎవరు? రెండు పేర్లూ వాదించకుండానే గెలవాలని చూసే పేర్లు. మామూలు పాఠకులు గమనించకపోవచ్చు గానీ దిద్దేవాళ్లు గమనిస్తారు.

కొత్తకలం:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా చెబుతారనుకోలేదు. ఎర్రసిరా గారి ఎక్కం ఉదాహరణ ఎత్తుకోకుండా నాదే ఒకటి వెతుక్కుని తిరగరాశా:

"టీచరు పాఠ్యపుస్తకంలో జవాబు ఉన్న చోట పెన్సిల్‌తో బ్రాకెట్ పెట్టి ఇస్తారు. పిల్లలు ఆ బ్రాకెట్ నుంచి ఈ బ్రాకెట్ దాకా నోట్సులోకి దించుకొస్తారు. మధ్యలో బొమ్మ ఉంటే దాని కింద రాసిన పేరు కూడా జవాబులో కలిసిపోతుంది, అది జవాబు కాదని రాసిన పిల్లలకు తెలియదు. సాధన చేస్తేనే చదువు నిలుస్తుందని హోంవర్క్ ఇచ్చేవారు అంటారు. అది నిజమే. అయితే చూసి దించడం సాధన కాదు. ఐదో తరగతి దాకా ఇలాంటి హోంవర్క్‌ను బడులు ఆపేయాలి. ఆ సమయంలో కనీసం ఒక కథ చదివినా, కనీసం ఆ రోజు పాఠాన్ని ఇంట్లో ఎవరికైనా చెప్పినా పిల్లలకు అంతకంటే ఎక్కువ వస్తుంది."

మేఘమాల:

బొమ్మ కింద పేరు జవాబులో కలిసిపోవడం అద్భుతం! అది చదివాక ఇంకేం చెప్పినా వింటాను. ఉద్వేగం మాత్రం ఎక్కడా లేదు, ముగింపు పేరాకి దాచుకున్నారనుకుంటా.

ఎర్రసిరా:

నిన్నటి పేరా రాసిన మనిషేనా అనిపించింది. మూడు విషయాలు చూసుకోండి. మీ వాదన ఇప్పుడు "హోంవర్క్ అక్కర్లేదు" అని కాదు, "ఇలాంటి హోంవర్క్ అక్కర్లేదు" అని మారింది. నా దృష్టిలో ఇదే బలమైనది, కానీ శీర్షికా ముగింపూ కూడా అదే అనాలి, ఒకచోట "పూర్తిగా రద్దు" అని పాత వాసన మిగలకూడదు. చివరి వాక్యంలో "ఎక్కువ వస్తుంది" అన్నారు, ఏం వస్తుంది? సొంతమాటల్లో చెప్పడం వస్తుందా, చదవడం మీద ఇష్టం వస్తుందా, ఆ పేరు రాయండి, ఎందుకు వస్తుందో తర్వాతి పేరాలో చెప్పండి. ఇక "కనీసం" రెండుసార్లు వచ్చింది, రెండోది తీసేయండి.

కొత్తకలం:

తీసేశా. శీర్షిక "చూసి దించే హోంవర్క్ ఎందుకు?" అని మార్చా. ముగింపు పేరా రాత్రికి పెడతా, మేఘమాల గారూ, అందులో "దోచుకోవడం" ఉంటుంది.